ఏరే బల్ల దగ్గర డాక్టరమ్మ

ఆ ఆస్పత్రికి వచ్చేవాళ్ళు పై అంతస్తులే చూస్తారు. అద్దాల తలుపులు, మెరిసే గచ్చు, నవ్వడానికే జీతం తీసుకుంటున్నట్టుండే కౌంటరు అమ్మాయిలు. కింద నేలమాళిగలో ఒక లాండ్రీ ఉందనీ, ఎనిమిది వందల పడకల మీది దుప్పట్లు, తువ్వాళ్ళు, ఆపరేషన్ గౌన్లు రోజూ అక్కడికే వచ్చి పడతాయనీ ఎవరికీ పట్టదు.

ఆ లాండ్రీలో ఏరే బల్ల అని ఒకటుంది. ఇరవై అడుగుల పొడవు, పైన రేకు. దానికి అటు ఎనిమిది మంది, ఇటు ఏడుగురు ఆడవాళ్ళు. వార్డుల నుంచి సంచుల్లో దిగిన గుడ్డల్ని బల్ల మీద గుమ్మరించి, నెత్తురువి ఒక బండిలోకి, ఉచ్చ తడివి ఒక బండిలోకి, మామూలు మురికివి ఇంకో బండిలోకి విడదీస్తారు. మధ్యలో దొరికేవి దొరుకుతుంటాయి. చెంచాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు, ఎవరో ఎవరికో రాసి ఇవ్వకుండానే పోయిన చీటీలు. అప్పుడప్పుడూ సూదులు.

అసలు గొడవంతా సూదితోనే. పారేయాల్సిన డబ్బాలో పారేయకుండా దుప్పటి మడతలో వదిలేసిన సూది మిషన్లోకి వెళ్ళి, ఉతికి, ఆరి, ఇస్త్రీ అయి, అవతల మడతలు పెట్టే గదిలో ఎవరి అరచేతిలోనో దిగుతుంది. దాన్ని ఈ బల్ల దగ్గరే పట్టుకోవాలి. అందుకు ఆస్పత్రి ఇచ్చినవి మోచేతుల దాకా వచ్చే దళసరి రబ్బరు గ్లవ్స్. అవి తొడుక్కుని ఏనుగుని తడిమినా ఏనుగని తెలియదు.

అందుకని ఆ పదిహేను మందీ వట్టి చేతులతోనే ఏరేవాళ్ళు. గుప్పిట పట్టకూడదు, లాగకూడదు. అరచెయ్యి పరిచి, పసిపిల్లకి జో కొట్టినట్టు మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఏదైనా తగిలితే ఆగి, గుడ్డని అంచు పట్టి ఎత్తి విదిలించాలి. గ్లవ్స్ నడుముకి దోపుకునే ఉంటాయి. బూట్ల చప్పుడు వినపడగానే ఎవరో ఒకరు "మెట్లు!" అంటారు. ఇన్‌చార్జి కిందికి దిగేసరికి ముప్ఫై చేతులకీ గ్లవ్స్ ఎక్కేసి ఉంటాయి. సూది దిగనివి, అయినా చేతికి స్పర్శ తెలిసేంత పల్చటివి దొరుకుతాయని విని, అవి తెప్పించమని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. మూడుసార్లూ "చూస్తాం" అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఈ తట్టే పద్ధతి కనిపెట్టింది పెద్దక్క. ఇరవై ఆరేళ్ళుగా ఆ బల్ల మొదట్లో నిలబడ్డ మనిషి. తనకంటే వయసులో పెద్దవాళ్ళూ ఆమెని పెద్దక్కనే అనేవాళ్ళు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషి చేతినీ తన చేత్తో పట్టుకుని బల్ల మీద ఆనించి నేర్పేది. తనకి పదకొండు సార్లు సూది గుచ్చుకుంది. పదకొండు సార్లూ రక్తం పరీక్షకి ఊరవతల వేరే ఆస్పత్రికి వెళ్ళింది. పనిచేసే చోటే చేయించుకుంటే గ్లవ్స్ ఎందుకు వేసుకోలేదని అడుగుతారు మరి. మనుషుల్ని బాగుచేసే చోట పనిచేస్తూ, దెబ్బ తగిలితే దొంగలా ఇంకో చోటికి పరిగెత్తాలి. అదీ అక్కడి ధర్మం.

ఆమెకి ఒక్కతే కూతురు. తండ్రి లేడు, ఉన్నన్నాళ్ళూ కూడా పెద్దగా లేడు.

ఆ కూతురు చదివింది మామూలు చదువు కాదు. లెక్కల్లో డాక్టరేట్. జనం వరసల్లో నిలబడితే ఎవరు ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో, వరస ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ కరుగుతుందో లెక్కకట్టే శాస్త్రమట. కూతురు మొదటిసారి ఇది చెప్పినప్పుడు పెద్దక్క పడీపడీ నవ్వింది. "వరసలో నిలబడటానికి కూడా చదువుందటే? నేను పుట్టినప్పటినుంచీ నిలబడే ఉన్నా, నాకెవరూ డాక్టరు పట్టా ఇవ్వలేదే!" అంది. కానీ పట్టా రోజు మాత్రం బల్ల దగ్గర అందరికీ టీ ఇప్పించి, రోగం కుదర్చని డాక్టరంటే ఏంటో తనకి అర్థమైనట్టే అందరికీ విడమరిచి చెప్పింది.

ఆ తర్వాత మొదలైంది సంబరం. కూతురు కాలేజీలో చేరింది. ఏడాది తిరక్కుండానే మానేసింది. చెప్పిందే చెప్పడం తన వల్ల కాదంది. బీమా కంపెనీలో చేరింది. అక్కడ మనుషులు మనుషుల్లా లేరంది. ఇంకేదో పెద్ద ఆఫీసులో చేరింది, తొమ్మిది నెలలకి అక్కడ తన లెక్కలతో అబద్ధాలు చెప్పిస్తున్నారంది. అది నిజమే అయ్యుండొచ్చు. కానీ ముప్ఫై మూడేళ్ళొచ్చి, ఐదు నెలలుగా మంచం మీద పడుకుని గోడకేసి చూస్తున్న మనిషి నిజం చెప్పినా తల్లి చెవికి సాకులాగే వినపడుతుంది. పెద్దక్క బతిమాలింది, తిట్టింది, వారం రోజులు మాట్లాడటం మానేసింది. మూడోదాని వల్ల కూతురికి కాస్త ప్రశాంతంగా ఉన్నట్టు కనపడటంతో అదీ విరమించుకుంది.

ఒకరోజు పొద్దున పెద్దక్క షిఫ్టుకి బయల్దేరుతుంటే కూతురు మంచం మీద నుంచే పిలిచింది.

"అమ్మా, నేనొకటి ఆలోచించా."

"లేచి ఆలోచించావా, పడుకునే ఆలోచించావా?"

"వడ్రంగం నేర్చుకుంటా."

పెద్దక్క ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో కాలు గాల్లో ఉండగా ఆగిపోయింది. "ఏంటీ?"

"వడ్రంగం. లేకపోతే కుండలు చెయ్యడం. సాయంత్రానికి చేతిలో ఒక వస్తువుండాలమ్మా. ఇన్నేళ్ళు చదివా, నేను చేసిందాంట్లో ముట్టుకుని చూడటానికి ఒక్కటి లేదు. చేతులతో చేసే పనిలో ఒక నిజాయితీ ఉంటుంది."

"ఎవరన్నారు?"

"అందరూ అంటారు."

"చేతులతో చేసేవాళ్ళెవరైనా అన్నారా?"

కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సులో కూర్చున్నంతసేపూ తన అరచేతులు చూసుకుంటూనే ఉంది. బ్లీచింగుకి అరిగి అరిగి గీతలు చెరిగిపోయిన చేతులు. ఈ చేతుల గతి పట్టకూడదనే కదా దాన్ని చదివించింది. తీరా చదివొచ్చి, చేతుల పని గొప్పదని ఈ చేతులకే పాఠం చెబుతోంది.

బల్ల దగ్గర ఆ మాట ఆపుకోలేక కక్కేసింది. ఆమె పక్కన నిలబడే ఆడమనిషిని అందరూ రేడియో అంటారు, పొద్దున మొదలెడితే షిఫ్టు అయ్యేదాకా ఆగదు గనక. రేడియో గట్టిగా నవ్వింది.

"దానికేముందక్కా, ఇక్కడికి తోలుకురా. పది రోజులు చాలు. పదకొండో రోజు పుస్తకాల్ని కావలించుకుని ఏడుస్తుంది."

"సర్జరీ వార్డు సంచులన్నీ దానికే ఇద్దాం," అంది ఇంకొకామె.

"పురుళ్ళ వార్డువి కూడా! పెళ్ళి మీద కూడా మనసు విరిగిపోతుంది, ఒక ఖర్చు తప్పుతుంది నీకు."

అందరూ నవ్వారు. పెద్దక్కకి ఆ నవ్వులో ఒక దారి కనపడింది. ఇద్దరు సెలవులో ఉన్నారు, రోజుకూలీకి మనిషి కావాలి. ఇన్‌చార్జిని అడిగితే, డాక్టరేట్ చేసిన పిల్ల దుప్పట్లు ఏరడానికి వస్తుందని విని, పైవాళ్ళకి చెప్పి నవ్వించడానికి ఒక విశేషం దొరికిందన్నట్టు ఒప్పుకున్నాడు.

"చేతులతో పని కావాలన్నావుగా. రేపు ఆరింటికి బస్సు," అంది పెద్దక్క ఇంటికెళ్ళి. కూతురు లేచి కూర్చుంది. ఐదు నెలల్లో అదే మొదటిసారి, ఎవరూ లెమ్మనకుండా లేవడం.

మొదటి రోజు మూడో సంచి విప్పగానే కూతురు పక్కకి తిరిగి కక్కుకుంది. ఎవరూ కదల్లేదు. ముందే మాట్లాడుకున్నారు, ఎవరూ జాలి చూపించకూడదని.

"ఎవరొచ్చి తుడుస్తారనుకున్నావు?" అంది పెద్దక్క. "బకెట్టు అక్కడుంది."

కూతురు తుడిచింది. మళ్ళీ వచ్చి బల్ల దగ్గర నిలబడింది. రేడియో రాగం తీసింది. "డాక్టరమ్మా, ఈ దుప్పటి కథేంటో కాస్త చూసి చెప్పమ్మా. బతుకుతుందంటావా?" పగలబడి నవ్వారు. భోజనం వేళ ఆ పిల్ల వచ్చి కూర్చుంటే ఆ బెంచీ మీదవాళ్ళు లేచి ఇంకో బెంచీకి వెళ్ళిపోయారు. అదీ పెద్దక్క చెప్పిందే. చెప్పింది గానీ, కూతురు డబ్బా మూత తీసి, వాసన చూసుకుని, మళ్ళీ మూత పెట్టేస్తుంటే చూడలేక తలుపు చాటుకి వెళ్ళి నిలబడింది. ఐదు నిమిషాలు నిలబడి, కళ్ళు తుడుచుకుని వచ్చి, నెత్తురు బండి కూతురి పక్కకి తోసింది.

రెండు, మూడు రోజులు గడిచాయి. పిల్ల మానలేదు. ఆ దళసరి గ్లవ్స్ తొడుక్కుని, మెల్లగా, తప్పులు లేకుండా ఏరుతోంది. కక్కుకోవడం ఆగిపోయింది. అదే పెద్దక్కని భయపెట్టింది. ఇలాగే ఉంటే అలవాటు పడిపోతుంది. తను ఇరవై ఆరేళ్ళు ఎలా పడిందో అలా.

నాలుగో రోజు ఆమె కూతురి దగ్గరికొచ్చి, "గ్లవ్స్ తియ్యి," అంది.

బల్ల మీద చేతులన్నీ ఆగిపోయాయి. ఎదురుగా ఉన్న పొడుగావిడ మెల్లగా అంది. ఆమె పెద్దక్క తర్వాత అంత పాత మనిషి. "అక్కా, ఇది మన పదిహేను మందికే తెలిసిన సంగతి. పైకి తెలిస్తే..."

"నా కూతురు పై మనిషి కాదు."

"చదువుకున్న మనిషి కదక్కా."

"చదువుకున్నా నా కడుపులోంచే వచ్చింది. తియ్యవే."

పెద్దక్క కూతురి మణికట్టు పట్టుకుని, నెత్తుటి చెమ్మ ఆరని దుప్పటి మీద ఆ చేతిని పరిచింది. పెన్ను తప్ప ఏదీ మొయ్యని చెయ్యి. "తట్టు. పట్టుకోకు. తట్టు." కూతురు తట్టింది. సాయంత్రానికి నేర్చేసుకుంది.

ఏడో రోజు జరిగింది పెద్దక్క ఎవరికీ చెప్పలేదు. సర్జరీ సంచి ఒకటి గుమ్మరించి తడుముతుంటే, ఒక తువ్వాలు మడతలో ఆమె వేలికి సూది తగిలింది. గుచ్చుకోలేదు, తగిలిందంతే. తీసి డబ్బాలో పారేయడానికి ఒక్క క్షణం. ఆ క్షణంలో పక్కనే ఉన్న కూతురి మొహం చూసింది. ఎవరో ఏదో అన్నదానికి అది నవ్వుతోంది. ఇక్కడ నిలబడి నవ్వుతోంది. పెద్దక్క ఆ తువ్వాలుని ఆ గుట్టతోపాటే కూతురి ముందుకి తోసేసింది.

తట్టే చెయ్యి దాన్ని పట్టుకుంటుందిలే అనుకుంది. భయపడితే చాలు అనుకుంది. ఏమనుకున్నా, తోసిన చెయ్యి తనది. కూతురు నవ్వుతూ ఆ గుట్ట మీద చెయ్యేసింది, వేసి చప్పున వెనక్కి లాక్కుంది. చూపుడు వేలి చివర ఎర్రటి బొట్టు.

ఊరవతలి ఆస్పత్రిలో రక్తపరీక్ష వరస గేటు దాకా ఉంది. తల్లీకూతుళ్ళు దాంట్లో నిలబడ్డారు. ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు వద్దంటుంది, ఇప్పుడు పుస్తకాల దగ్గరికి వెళ్ళిపోతానంటుంది అని పెద్దక్క ఎదురుచూస్తోంది. ఆశగానే చూస్తోంది.

"నీకెన్నిసార్లమ్మా?" అంది కూతురు.

"పదకొండు."

"పదకొండు సార్లూ ఈ వరసలోనే నిలబడ్డావా?"

"మరి? నాకేమైనా వేరే వరస వేస్తారా?"

కూతురు సంచీలోంచి కాగితం తీసి, వేలికి దూది అలాగే ఉంచుకుని, గోడకి ఆనించి రాయడం మొదలెట్టింది. సంచులు ఏయే వేళలకి దిగుతాయి? గ్లవ్స్‌తో గంటకెన్ని? వట్టి చేత్తో ఎన్ని? ఎవరికెన్నిసార్లు గుచ్చుకుంది? అడుగుతోంది, రాస్తోంది. పెద్దక్క ఆ మొహంకేసి చూసింది. మూడేళ్ళలో ఎప్పుడూ లేని వెలుగుంది. ఆ వెలుగు చూసి ఆ తల్లి అన్నీ చెప్పేసింది. ఏదీ దాచుకోలేదు.

పరీక్షలో ఏమీ లేదన్నారు, మళ్ళీ మూడు నెలలకి రమ్మన్నారు.

మిగిలిన మూడు రోజులూ కూతురు గడియారం పట్టుకుని బల్ల పక్కన నిలబడింది. మొదట్లో బెదిరారు. "మనకి మంచి గ్లవ్స్ తెప్పించడానికే రాస్తోంది," అని పెద్దక్క హామీ ఇచ్చింది. పక్కన ఎవరైనా వేగం లెక్కపెడుతుంటే మనిషికి ఎక్కడలేని పౌరుషం పుట్టుకొస్తుంది. మామూలుగా గంటకి డెబ్బై ఏరేవాళ్ళు తొంభై ఏరారు. రేడియో నోరు మూసుకుని నూరు ఏరి, "రాసుకో డాక్టరమ్మా, నా పేరు పెద్దక్షరాలతో రాసుకో," అంది. పొడుగావిడ ఒక్కతే తన వేగం మార్చలేదు.

పదకొండో రోజు ఇరవై రెండు పేజీలు ఇన్‌చార్జి బల్ల మీద పెట్టింది కూతురు. దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. దళసరి గ్లవ్స్‌తో గంటకి నలభైకి మించి ఏరలేరు, కాబట్టి అందరూ వట్టి చేతులతోనే ఏరుతున్నారు, ఇది ప్రమాదం. వార్డులన్నీ సంచులు ఒకేసారి దింపుతున్నాయి, అందువల్ల రెండు గంటలు ఊపిరాడదు, గంటన్నర ఖాళీగా నిలబడాలి. విడతలుగా దింపితే మనుషులు నలగరు. ఆఖరి పేజీలో, పల్చటి గ్లవ్స్ వెంటనే తెప్పించాలి.

వారం తిరక్కుండానే పైనుంచి పిలుపొచ్చింది. పెద్దవాళ్ళు చాలా మెచ్చుకున్నారు. ఇలాంటి బుర్ర కింద ఉండటమేంటన్నారు. నాలుగో అంతస్తులో ఒక గది, కిటికీ, కుర్చీ, పనుల పర్యవేక్షణాధికారి అన్న హోదా. పెద్దక్క బల్ల చుట్టూ తిరిగి అందరి చేతులూ పట్టుకుంది. "మీ నోటి చలవే! మీరు అన్ని మాటలంటేనే దానికి బుద్ధొచ్చింది," అంది. కూతురు ఇక గోడకేసి పడుకోవడం లేదు. పొద్దున్నే తల దువ్వుకుని, ఎనిమిదింటి బస్సుకి వెళుతోంది. ఒకరోజు పాట కూడా పాడింది. పెద్దక్క నెల రోజులు సుఖంగా నిద్రపోయింది.

నెల తిరిగాక కూతురు మెట్లు దిగి వచ్చింది. మెత్తటి చెప్పులు, చప్పుడు వినపడలేదు. ఎవరూ "మెట్లు" అనలేదు. చేతులన్నీ దుప్పట్ల మీద, గ్లవ్స్ అన్నీ నడుముల దగ్గర. కూతురి చేతిలో ఎనిమిది కవర్లు.

"మీవాళ్ళే కదా, మీరిస్తేనే బావుంటుంది," అని ఇన్‌చార్జి పంపాడట.

రాసింది ఇదీ. ఏరే బల్ల దగ్గర భద్రతా నియమాలు ఏళ్ళ తరబడి ఉల్లంఘించినట్టు రుజువైంది. తప్పు అందరిదీ అయినా, దయతలచి, వయసులో పెద్దవాళ్ళైన ఎనిమిది మందిని మాత్రమే తీసేస్తున్నారు. నియమం తప్పినందుకు తీసేస్తున్నారు గనక రావాల్సిన డబ్బులేవీ రావు. సంచులు విడతలుగా దింపి, గంటకి తొంభై చొప్పున ఏరితే బల్లకి ఏడుగురు చాలని లెక్క తేలింది. ఆ ఏడుగురూ ఇకమీదట గ్లవ్స్ తప్పనిసరిగా వేసుకోవాలి. అంటే గ్లవ్స్ వేసుకోవాలి, వేగం మాత్రం వట్టి చేతులది ఉండాలి. ఇంత మాట రాసి, కింద పై అధికారి సంతకం పెట్టాడు. సంతకం చక్కగా ఉంది.

మొదటి కవరు పెద్దక్కది.

ఆమె చదవలేదు. పొడుగావిడ తనది విప్పి, అందరికీ వినపడేలా గట్టిగా చదివింది. చదివాక మడిచి, ఎవరి వంకా చూడకుండా, నడుముకున్న గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

"నేను గ్లవ్స్ అడిగాను," అంది కూతురు. "అదే రాశాను. ఆఖరి పేజీలో రాశాను. పైన చెప్పాను, పోట్లాడాను, ఎవరూ..."

"ఆఖరి పేజీ ఎవరు చదువుతారే?" అంది పెద్దక్క.

రేడియోకి కవరు రాలేదు, వయసు నలభై నాలుగే. ఆమె ఆ రోజు నవ్వించలేదు. "అక్కా, నీ కూతురు దారిలో పడాలని మేమందరం ఆడిన నాటకం కదా ఇది. పడింది. మా మీద పడింది," అంది. తర్వాత పెద్దక్కకి వీపు తిప్పేసి, పక్క మనిషితో, "సంచి విప్పు, తొంభై చెయ్యాలి," అంది.

పెద్దక్క షిఫ్టు అయ్యేదాకా ఏరింది. ఎవరూ ఏరమనలేదు, వద్దనలేదు. ఆమె ఏరినవాటిని మాత్రం రేడియో మళ్ళీ ఒకసారి తట్టి చూసి బండిలో వేసింది. ఇరవై ఆరేళ్ళలో పెద్దక్క చెయ్యి తడిమిన గుడ్డని ఇంకో చెయ్యి తడమడం అదే మొదలు.

ఇంటికొచ్చాక కూతురు తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"రేపు మానేస్తానమ్మా."

"మానేసి?"

"ఏదో ఒకటి చూసుకుంటా."

"వడ్రంగమా?"

"అమ్మా!"

"నువ్వు మానేస్తే మా ఎనిమిది మందినీ వెనక్కి పిలుస్తారా?"

"పిలవరు."

"మరెవరి కోసం మానడం?"

"నేనక్కడ కూర్చోలేను. ఆ కుర్చీ చూస్తే నాకు..."

"ఆఁ, అదీ అసలు మాట. నీకు. కాలేజీలో నీకు విసుగు. బీమా కంపెనీలో నీకు నచ్చలేదు. ఇంకో దాంట్లో నీ మనసు ఒప్పుకోలేదు. ఆ మూడింటికీ నువ్విచ్చిందేం లేదు, కాబట్టి దులుపుకుని వచ్చేశావు. దీనికి ఎనిమిది మందిని ఇచ్చావు. ఇది మానడానికి లేదు."

"ఉండి వాళ్ళకేదైనా మంచి చెయ్యమంటావా? గ్లవ్స్ తెప్పించమంటావా?"

"మంచి అనే మాట నా ముందు అనకు. చేసింది చాలు. ఉద్యోగం చెయ్యమంటున్నా, అంతే. రోజూ వెళ్ళు, రోజూ కూర్చో, నెలకోసారి ఆ మెట్లు దిగి వాళ్ళ మొహాలు చూడు. మానేసిన రోజు ఈ ఇంటికి రాకు."

"నన్ను శిక్షిస్తున్నావు."

"లేదే. ఏ ఉద్యోగం చెయ్యాలో తేల్చుకోలేక కొట్టుకుంటున్నావుగా. తేల్చిపెడుతున్నా."

కూతురు కింద కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకుంది. పెద్దక్క చెయ్యి ఆ తల మీదికి వెళ్ళబోయింది. వెళ్ళబోయిన చేతిని వెనక్కి తీసుకుని, చెంబులో నీళ్ళు పోసుకుని తాగింది.

పొద్దున ఐదింటికి అలవాటు కొద్దీ మెలకువొచ్చింది. వెళ్ళాల్సిన చోటు లేదని గుర్తురావడానికి కాసేపు పట్టింది. లేచి టీ పెట్టి, కూతురి మీది దుప్పటి లాగింది.

"నా బస్సు ఎనిమిదింటికమ్మా."

"ఆరింటి దాంట్లో వెళ్ళు."

"అందులో వాళ్ళుంటారు."

"తెలుసు."

ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. బస్సొచ్చి ఆగింది. కిటికీల్లో ఏడుగురూ కనపడుతున్నారు. రేడియో వీళ్ళని చూసింది, చూసి ముందుకి తిరిగిపోయింది. కూతురు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి చూసింది. పెద్దక్క గడ్డం ఎగరేసి లోపలికి చూపించింది. ఎక్కింది.

బస్సులో సగం సీట్లు ఖాళీ. కూతురు ఒక సీటు దగ్గరికి వెళితే, దాని పక్కనున్నామె ఒళ్ళో సంచి తీసి ఆ ఖాళీ మీద పెట్టింది. ఇంకో దాని దగ్గరా అంతే. ఆ పిల్ల పైన కమ్మీ పట్టుకుని, మధ్యలో నిలబడిపోయింది.

వచ్చే స్టాపులో దిగిపోతుందేమోనని పెద్దక్కకి అనుమానం. అందుకని ఆమె ఇంటికి తిరగలేదు. ఆ బస్సు వెనకే, పక్క స్టాపు వైపు నడక మొదలుపెట్టింది.